దారము ముందు, సూది పిదప

వస్త్రమునందు సూది వేసిన రంధ్రము మూసికొనును, చర్మమునందు మూసికొనదు. పడుగుపేకల నడుమ సందు వెదకికొని సూది దిగినప్పుడు నూలుపోగులు ఇరువైపులకు ఒత్తిగిలి, సూది పైకి వచ్చిన పిమ్మట మరల తమ తమ స్థానములకు చేరుకొనును గనుక, బట్ట కుట్టువాడు తప్పిన కుట్టును విప్పి, చేతితో ఒకసారి నిమిరి, తిరిగి కుట్టుకొనవచ్చును. చర్మమన్ననో, అది నేసిన వస్తువు కాదు. ఒకదానితో నొకటి పెనవైచుకొన్న సూక్ష్మతంతువుల దట్టమైన అల్లిక. దానియందు పడిన గాటు పడినట్లే నిలిచిపోవును. ఈ ఒక్క భేదమును మనస్సున నిలుపుకొన్నవారికి ఈ అధ్యాయమున చెప్పబోవు తక్కిన విషయములన్నియు దానినుండియే పుట్టినవిగా తోచును. చర్మమును యంత్రము క్రిందికి త్రోసిన తరువాత చేయు ఆలోచన వలన ప్రయోజనము లేదు. కూర్చుండుటకు పూర్వమే దారమేదో, సూది లావెంతయో, దాని మొన ఎట్టిదో నిశ్చయించుకొని యుండవలెను.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డ సీమకు చర్మపుపని క్రొత్తగా వచ్చిన విద్య కాదు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు మూలబడువరకు ఇచ్చటి బావుల నీరు చేలకు పారినది చర్మకారుడు కుట్టి యిచ్చిన తోలు తొండము గుండనే. ఎడ్ల మెడపట్టెలు, గొల్లల కిర్రుచెప్పులు, ఊరి డప్పులు, ఇవి యన్నియు తంగేడు చెక్కతోను కరక్కాయతోను లందలో ఊరవేసిన తోళ్ళనుండి ఆ చేతులే రూపొందించినవి. మనకు ఉత్తరమున చిన్నచింతకుంట మండలమందలి కురుమూర్తి స్వామికి దీపావళి పిదప జరుగు జాతరలో ఉద్దాల ఉత్సవమన్నది ప్రధానమైనది. ఆ ఉద్దాలు, అనగా స్వామివారి పాదరక్షలు, వడ్డెమాను గ్రామమున చర్మకారులు నియమనిష్ఠలతో సిద్ధపరచుదురు. వేలాది భక్తులు వాటిని శిరస్సునకు తాకించుకొని ధన్యులమైతిమని భావింతురు. ఏ చేతులను సంఘము శతాబ్దముల పర్యంతము దూరముగా నిలిపినదో, ఆ చేతులు కుట్టిన వస్తువునే సంఘము తలపై పెట్టుకొనుచున్నది. కనుక మల్దకల్‌లోగాని, గద్వాలలోగాని, వనపర్తిలోగాని నేడు ఒక కుట్టుమిషను కొని చర్మపు సంచులో, చెప్పులో, ఎడ్లకు పట్టెలో కుట్టి జీవింపదలచిన యువకుడు గాని యువతి గాని తాము చిన్నపనికి దిగుచున్నామని అనుకొనవలసిన పని లేదు. నేర్చుకొనవలసినది మాత్రము చాల కలదు.

చేతిపనివాడు పని మొదలిడు క్రమమును ఒకసారి గమనింపుడు. అతడు ముందుగా ఆరెను, అనగా తోలునకు రంధ్రము వేయు పనిముట్టును, అందుకొనడు. కుట్టవలసిన వస్తువు ఎంత బరువు మోయునో ఎంచి, దానికి తగినట్లు దారమును పేని, మైనము పట్టించి, ఆ దారము బిగువుగా దూరుటకు సరిపడు ఆరెను ఆ తరువాతనే చేతికి తీసికొనును. యంత్రము కొన్నవారిలో పెక్కురు ఈ క్రమమును తలక్రిందులు చేయుదురు. మిషనుతో వచ్చిన సూది మిషనులోనే యుండును. దానిలో దూరిన దారము దూరును, దూరనిది దూరదు. ఆ విధముగా సూదియే దారమును నిర్ణయించును, దారము వస్తువు ఆయుర్దాయమును నిర్ణయించును. ఇది సరికాదు. పని దారమును నిర్ణయింపవలెను, దారము సూది లావును నిర్ణయింపవలెను, చర్మము సూది మొనను నిర్ణయింపవలెను, మిషను సూది జాతిని నిర్ణయింపవలెను.

యంత్రపు కుట్టులో ఈ క్రమమునకు ప్రాధాన్యము మరింత హెచ్చుటకు కారణము దాని నిర్మాణమునందే యున్నది. చేతితో ఒకే రంధ్రమున రెండు వైపులనుండి దారము పోనిచ్చి కుట్టిన కుట్టులో ఒక పోగు తెగినను రెండవది పట్టి నిలుపును. 1846లో అమెరికా దేశస్థుడు ఎలియాస్ హోవ్ మొనయొద్దనే కన్ను గల సూదితో పేటెంటు పొందిన నాటినుండి నేటివరకు ఈ తరహా మిషనులన్నియు వేయు కుట్టు వేరు: పైదారము పైనే యుండును, బాబిను దారము క్రిందనే యుండును, రెండును చర్మము మందములో ఒకదానినొకటి కొక్కెము వలె పట్టుకొనును. పైదారము ఒకచోట అరిగి తెగినచో ఇరుప్రక్కల కుట్లు వదులగుట ప్రారంభించును. అంతియే కాదు, పైదారపు ప్రతి భాగమును కుట్టుగా మారుటకు ముందు సూది కంటిలో పలుమార్లు క్రిందికి మీదికి రాచుకొనుచు పోవును. కన్ను ఇరుకైనచో దారము చర్మమును చేరకముందే సగము బలము పోగొట్టుకొనును.

ఇక దారము సంగతి. నూలుదారమును చర్మమునకు వాడకుడు. చెట్టు బెరళ్ళతో పదును చేసిన తోలులోని ఆమ్లగుణము, పశువు చెమట, వానతడి కలిసి నూలును కాలక్రమమున చివికించివేయును. పాత జీనులను, పాత పట్టెలను చూచినచో తోలు గట్టిగనే యుండి కుట్టు మాత్రము పొడిపొడిగా రాలిపోవుట కనబడును. నేడు మనకు దొరకు దారములలో చర్మమునకు యోగ్యమైనవి నైలాను, పాలియెస్టరు అను రెండే. నైలాను సాగును, తిరిగి ముడుచుకొనును, రాపిడికి చక్కగా ఓర్చుకొనును; కావున అడుగడుగునకు వంగు చెప్పులకు, బరువు వ్రేలాడు సంచులకు అది మేలు. కాని ఎండ దానికి శత్రువు. నెలల తరబడి ఎండలో నిలిచినచో బలము తగ్గును. పాలియెస్టరు అంతగా సాగదు గాని ఎండకు నిలుచును. నడిగడ్డ ఎండలో పగలంతయు చేలల్లో నుండు ఎడ్ల పట్టెలకు, బండలాగుడు పందెములకు కట్టు మువ్వల పట్టెడలకు, మోటారుసైకిలు సీట్లకు నేను పాలియెస్టరునే ఎంచుదును. దుకాణదారు నైలాను బలము గూర్చి ఎంత చెప్పినను ఈ విషయమున వెనుకకు తగ్గకుడు. రెండింటిలో దేనిని కొన్నను పోగులు విడివడకుండ జిగురు పూత పూసిన బాండెడ్ దారమునే కొనుడు. కండెనుండి జానెడు దారము తెంపి, కొసను వ్రేళ్ళ నడుమ నలిపి చూచినచో బాండెడ్ దారము ఒక్కపోగుగనే నిలుచును. సాదాదారము వెంటనే మూడుపోగులుగా విచ్చుకొనును.

ఇచ్చట అంకెల విషయమున ఒక చిక్కు కలదు. నూతనముగా పనిలో దిగినవారిలో దానిలో పడనివారు అరుదు. దారము నంబరు పెరిగినకొలది దారము సన్నబడును. సూది నంబరు పెరిగినకొలది సూది లావెక్కును. 40 నంబరు దారముకంటె 20 నంబరు దారము లావు. 110 సూదికంటె 140 సూది లావు. దారపు నంబరు పొడవును బట్టి వచ్చినది, అనగా ఒక కిలో దారము ఎంత పొడవు సాగునో దానిని బట్టి కట్టిన లెక్క. సన్నని దారము ఎక్కువ పొడవు సాగును గనుక దాని నంబరు పెద్దది. కొన్ని కండెలపై దీనికి బదులు టెక్స్ అను లెక్క వేయుదురు. అది వేయి మీటర్ల దారపు బరువు గ్రాములలో. 3000ను దారపు నంబరుతో భాగించినచో టెక్స్ సుమారుగా తేలును: 40 నంబరు దారము రమారమి 70 టెక్స్, 20 నంబరుది రమారమి 135 నుండి 150 వరకు. 20 నంబరు బాండెడ్ నైలాను ఒక్కపోగు సుమారు పది కిలోల బరువునకు గాని తెగదు. సూదిపై మాత్రము అంకె నేరుగా దాని కాడ లావునే చెప్పును: 110 అనగా 1.10 మిల్లీమీటర్లు, 140 అనగా 1.40 మిల్లీమీటర్లు. పొట్లముపై 110/18 అని, 140/22 అని జోడించి వేయుదురు. రెండవది సింగరు కాలపు పాతలెక్క, లావు ఒకటే.

ఏ పనికి ఏ దారమన్న ప్రశ్నకు సమాధానము సంక్షేపముగా చెప్పవచ్చును. మేకతోలు పర్సులు, సన్నని చేతిసంచులు, జాకెట్లు: 40 నంబరు. బరువు మోయు సంచులు, నడుము పట్టీలు, చెప్పుల పైపట్టీలు: 20 నంబరు. ఎడ్ల పట్టెలు, జీను సామాను: 13 గాని 10 గాని. వీటికి తగిన సూదులు వరుసగా 110, 140, 160 నుండి 200 వరకు. కాని లావుదారము బలమైనది గనుక అన్నింటికి అదియే మేలనుకొనుట పొరపాటు. రెండు పొరలు కలిసి రెండు మిల్లీమీటర్లైనను లేని పలుచని తోలులో 20 నంబరు దారపు కొక్కెము దాగుటకు చోటుండదు; అది పైకో క్రిందికో తేలి, కుట్టు వరుస గింజలు పేర్చినట్లు కనబడును, టెన్షను ఎంత త్రిప్పినను సరిపడదు.

సూది లావు సరిపోయినదో లేదో తెలిసికొనుటకు మిషనుతో పనిలేని ఒక పరీక్ష కలదు. కండెనుండి మూరెడు దారము తెంపి, సూది కంటిలో దూర్చి, దారపు రెండు కొసలను రెండు చేతులతో బిగువుగా పట్టుకొని, ఒక చేతిని పైకెత్తి దారమును ఏటవాలుగా నిలుపుడు. సూది తన బరువుతో తానే మెల్లగా క్రిందికి జారవలెను. నడుమనే పట్టుకొని నిలిచినచో కన్ను ఇరుకు, సూది పెంచుడు. రాయి పడినట్లు దబ్బున జారినచో కన్ను వెడల్పు. సూది తగ్గింపుడు, లేనియెడల దారము నింపజాలని రంధ్రము చర్మమున మిగులును. ఒక నిమిషమైనను పట్టని ఈ పరీక్షను దుకాణములోనే చేయవచ్చును. చేయనిమ్మని అడుగుటకు మొగమాటపడకుడు. హైదరాబాదు వరకు పోయి తెచ్చిన దారము మల్దకల్ చేరిన తరువాత సరిపోలేదని తెలిసినచో నష్టము మీదే.

ఇప్పుడు మొన సంగతి చెప్పవలెను. చర్మపుపనిలో విద్యయంతయు ఇచ్చటనే యున్నదని నా విశ్వాసము. బట్ట సూది మొన గుండ్రన. అది పోగులను ప్రక్కకు నెట్టుచు పోవును. గద్వాల చీరలో పట్టు అంచును నూలు ఒంటితో కూర్చిన చోట దానికి నెట్టుటకు పోగులున్నవి, తోలులో లేవు. గుండ్రని మొనతో గట్టితోలును కుట్టబోయినచో అది నెట్టలేక ఒరుసుకొనును, వేడెక్కును, వంగును, క్రింద తిరుగు హుక్కు దారమును అందుకొనలేక కుట్టు తప్పించును. కావున చర్మపు సూది మొనను సన్నని ఉలి వలె సానపట్టి కోయుమొనగా చేయుదురు. ఆ ఉలి ఏ దిశగా తిరిగియున్నదన్న దానిపై కుట్టు అందమును బలమును ఆధారపడియుండును. ఎల్‌ఆర్ అని గుర్తు గల మొన కుట్టు వరుసకు ఏటవాలుగా గాటు పెట్టును. దారము ఆ గాటులో ఒరిగి కూర్చుండుటచే కుట్లు కొద్దిగా వాలి, మంచి చేతికుట్టును తలపించును. సంచులకు, పర్సులకు, చెప్పుల పైపట్టీలకు ఇది సర్వసాధారణము. మొదట కొనవలసినది ఇదియే. పి గుర్తు గలది వరుసకు అడ్డముగా గాటు పెట్టును. గాట్ల నడుమ తోలు ఎక్కువ మిగులును గనుక దగ్గర కుట్లకు అనుకూలము. ఎస్ గుర్తు గలది వరుస సాగు దిశలోనే గాటు పెట్టును. కుట్టు తిన్నగా, లోతుగా కూర్చుండును, కాని కుట్లు దగ్గరైనచో గాటు గాటును కలిసికొని తోలు వరుస పొడవునా చీలును. పొడవు కుట్లకు మాత్రమే దీనిని వాడవలెను. మూడు పలకల మొన గట్టిగా ఎండిన తోళ్ళకు, మన తంగేడు పదును తోళ్ళవంటి మందపువాటికి తగినది. క్రోము పదును తోలు మెత్తగా, సాగునట్లుండును. చెట్టుబెరడు పదునుది బిరుసుగా నిలుచును. ఒకే మొన రెండింటికి సమానముగా ఒప్పదు.

కోయుమొన చర్మమునకు మిత్రమైనట్లే బట్టకు శత్రువు. తోలు సంచికి నవారు పట్టీ కుట్టునప్పుడు, రెక్సిను వెనుక నేత బట్ట ఉన్నప్పుడు కోయుమొన ఆ పోగులను తెంచుచు పోవును. కుట్టిన నాడు గట్టిగా కనబడిన పట్టీ నెల తిరుగకముందే కుట్టు వెంబడి ఊడివచ్చును. తోలు పలుచగా, నవారు మందముగా ఉన్నచో గుండ్రని మొననే వాడుడు. బట్ట కుట్టుట నేర్చి తోలు సంచులకు మారు మహిళా సంఘముల సభ్యులకు నేను ముఖ్యముగా చెప్పునది ఇది: బట్ట మిషనులోని సూదితో తోలును, తోలు సూదితో బట్టను కుట్టకుడు. రెండు పొట్లములను వేర్వేరు డబ్బాలలో ఉంచుడు.

సూదుల జాతి మిషనును బట్టి యుండును. దీనిలో మన ఇష్టమునకు తావు లేదు. జూకి డిడిఎల్-8700 వంటి సాదా కుట్టుమిషను డిబి×1 జాతి సూదిని పట్టును. దాని పిడి సన్నము, 18 నంబరు సూదికి మించి పెట్టుటకు అది ఉద్దేశింపబడలేదు. దానిపై పలుచని మేకతోలు కుట్టవచ్చును గాని పాదము తోలునకు అంటుకొని పైపొర వెనుకబడును, తోలును జరుపు క్రింది పండ్లు దానిపై ముద్రవేయును. జూకి డిఎన్‌యు-1541 వంటి వాకింగ్ ఫుట్ మిషనులో సూది, పాదము, పండ్లు మూడును కలిసి తోలును ముందునకు జరుపును. అది పొడవైన, పిడి లావైన డిపి×17 సూదులను పట్టును. పొట్లముపై 135×17 అని యున్నది గుండ్రని మొన గలది, 135×16 అని యున్నది కోయుమొన గలది; ఒక్క అంకె భేదమును చూడక తెచ్చుకొన్నవారెందరో! మిషను ఏదైనను సూదికి ఒకవైపు పొడవున నడచు గాడి దారము వచ్చు వైపునకు, కంటికి పైనున్న నొక్కు హుక్కు వైపునకు తిరిగియుండవలెను. సూది లావును రెండు మూడు మెట్లకు మించి మార్చినప్పుడు హుక్కునకు సూదికి నడుమ ఎడమును మెకానికుచేత సరిచేయించుకొనుడు; ఆ ఎడము కాగితము మందము మాత్రముండవలెను. లావు సూదిని హుక్కు కొట్టినచో రెండును చెడును, హుక్కు ఖరీదు సూదులవలె స్వల్పము కాదు.

కుట్టు పొడవు గూర్చి ఒక్క మాట. దగ్గర కుట్టు గట్టి కుట్టన్నది బట్ట విషయమున నిజము. తోలు విషయమున దగ్గర కుట్టు తపాలా బిళ్ళల అంచువంటిది, లాగిన చోట అక్కడనే చినుగును. పర్సులకు 3 మిల్లీమీటర్లు, సంచులకు 4, ఎడ్ల పట్టెలకు 5 లేక 6 ఉండుట మంచిది. కుట్టు ముగించు చోట వెనుకకు ముందునకు పలుమార్లు కుట్టి రంధ్రములను పెంచక, రెండు మూడు కుట్లు పాత రంధ్రములలోనే పడునట్లు చక్రమును చేతితో త్రిప్పి, పైదారమును వెనుకవైపునకు లాగి ముడివేసి, కొసను నిప్పుసెగకు చూపి అంటింపుడు. నైలాను పాలియెస్టరులు రెండును కరిగి అంటుకొనును. ఆ కరుగు గుణమే వేగముగా కుట్టినప్పుడు అనర్థమగును. నైలాను రకమును బట్టి 215 నుండి 260 డిగ్రీల లోపున కరగును; మందపు తోలులో వేగముగా దిగు సూది అంతటి వేడికి చేరగలదు. దారము మాటిమాటికి తెగి, తెగిన కొస గడ్డకట్టి గట్టిపడియున్నచో అది కరిగినదని గుర్తు. వేగము తగ్గింపుడు, సిలికాను నూనె తాకింపుడు. నేర్చుకొనువారు క్లచ్ మోటారుకంటె సర్వో మోటారు గల మిషను కొనుట ఉత్తమము. అది నత్తనడక నడచుటకును ఒప్పుకొనును.

ప్రతి క్రొత్త పనికి ముందు అదే తోలు ముక్కను, అన్ని పొరలతో, అదే జిగురుతో అంటించి, అదే దారముతో జానెడు పొడవు కుట్టి చూడుడు. కుట్టిన దానిని వరుస మీదుగా వంచి చూడుడు. రంధ్రములు నోళ్ళు తెరచినచో సూది లావు. రెండు పొరలను బలముగా లాగి చూడుడు. దారము తెగినచో లావుదారము పెట్టుడు, దారము నిలిచి తోలు చినిగినచో కుట్టు పొడవు పెంచుడు. సరిపోయిన ముక్క వెనుక దారపు నంబరు, సూది నంబరు, మొన గుర్తు, కుట్టు పొడవు పెన్నుతో వ్రాసి గోడకు వ్రేలాడదీయుడు. మొన చెదరిన సూదిని గోటిపై మెల్లగా గీచినచో గరకు తెలియును. దానిని దాచిపెట్టక పారవేయుడు. ఒక్క సూది ఖరీదెంత, దానితో చెడు తోలు ఖరీదెంత!

మొదటి సంవత్సరమునకు కావలసిన సామాను అధికము కాదు. మీది సాదా మిషనైనచో 40 నంబరు బాండెడ్ దారమును, 110 ఎల్‌ఆర్ సూదుల పొట్లమొకటియు తెచ్చుకొనుడు. మందపు తోలు పనిని ఆ మిషనుపై ఒప్పుకొనకుడు. వాకింగ్ ఫుట్ మిషనైనచో 20 నంబరు నైలాను ఒక కండె, అదే నంబరు పాలియెస్టరు ఒక కండె, 140 సూదులలో కోయుమొనది ఒక పొట్లము, గుండ్రని మొనది ఒక పొట్లము చాలును. సంచులు, చెప్పుల పట్టీలు, నడుము పట్టీలు వీటితోనే కుట్టవచ్చును. తక్కిన నంబరులను ఆ పని చేతికి వచ్చిన నాడు కొనుడు.